‘అయింది’ అన్న ఒక్క మాట

బెళుగుప్పకు పడమటి వైపు గుట్టల మీద గాలిమరలు వరుసగా ఉంటాయి. వాటిలో నలభై ఏడో నంబరు దానికి లిఫ్టు లేదు. స్తంభం లోపల అడుగు నుంచి నెత్తి దాకా ఎనభై మీటర్ల ఇనుప నిచ్చెన ఒక్కటే దారి. మే నెల ఆఖరి గురువారం పొద్దున పదిన్నరకు నాజ్‌నీన్ ఆ నిచ్చెన చివరి మెట్టు దాటి పైపెట్టెలోకి వచ్చేసరికి చొక్కా వీపుకు అతుక్కుపోయింది. గేరుబాక్సు, జనరేటరు, బ్రేకులు అన్నీ ఉండే ఆ పెట్టెను వాళ్ళు నేసెల్ అంటారు. చిన్న బస్సంత ఉంటుంది. కిటికీలు లేని బస్సు. ఎండాకాలంలో లోపల ఏ ఇనుమును ముట్టుకున్నా చుర్రుమంటుంది.

“ఆలస్యమైపాయ పాపా,” అన్నాడు ముందే పైకి చేరుకున్న ఆంజినప్ప. “పన్నెండుకంతా దిగిపోవల్ల. ఆ దిక్కు చూడు, బళ్ళారి పక్క మోడం కడతాండాది.”

పైమూత సందులోంచి నాజ్‌నీన్ చూసింది. పడమట ఆకాశం అడుగున సన్నటి బూడిదరంగు చార ఉంది. పిడుగు పడే సూచన ఉంటే ఎవరూ పైన ఉండకూడదని నియమం.

పని పెద్దది కాదు. గాలి ఎటు వీస్తే అటు మొహం తిప్పుకున్న పెట్టెను అక్కడే కదలకుండా పట్టి ఉంచే బ్రేకులుంటాయి. ఆ బ్రేకులకు బలం నూనె ఒత్తిడితో వస్తుంది. నూనె పోయే రబ్బరు పైపు ఎక్కడో చెమ్మగిల్లుతోంది. ఎక్కడో కనుక్కుని పైపు మార్చాలి. జూన్‌లో గాలి మొదలైతే ఒక్క మరను ఒక్క గంట ఆపడానికి కూడా కంపెనీ ఒప్పుకోదు. అందుకే ఆ వారమంతా రోజుకు రెండు స్తంభాలు ఎక్కుతున్నారు.

ఆంజినప్పకు నలభై ఎనిమిదేళ్ళు. బోరు లారీల మీద పనిచేసి, ఈ గుట్టల మీద మొదటి మర నిలబెట్టిన నాడు ఇక్కడికి వచ్చినవాడు. నడుముకు పట్టీ ఎట్లా బిగించాలి, కొక్కెం ఎక్కడ తగిలించాలి, కాలు ఎక్కడ ఆనించకూడదు, ఇవన్నీ నాజ్‌నీన్‌కు ఆయనే నేర్పాడు. ఆయన నేర్పనిది ఆమె హెల్మెట్‌కు తగిలించి ఉన్న కళ్ళద్దాల సంగతి ఒక్కటే.

“పెట్టుకో, పెట్టుకో నీ అద్దాలు,” అన్నాడు. “బెంగుళూరులో కూర్చున్నోళ్ళకు మన చెమట గూడా చూపియ్యి.”

ఆ అద్దాలు వచ్చి నాలుగు నెలలైంది. జాయ్ అనే ఇంజనీరు వాటిని బెంగుళూరు నుంచి తెచ్చింది. గుంతకల్లు రైల్వే క్వార్టర్సులో పెరిగిన మనిషి. ఆమె సైటు ఆఫీసు వరండాలో పన్నెండు మందిని కూర్చోబెట్టి, పాత మోటారు ఒకటి మధ్యలో పెట్టించింది.

“దీన్ని ఆగ్మెంటెడ్ రియాలిటీ అంటారు. పేరుకు భయపడొద్దు. సినిమా చూసేటప్పుడు తెర మీది బొమ్మ తప్ప మీ చుట్టూ ఉన్నదేదీ మీకు పట్టదు. ఇది అట్లా కాదు. మీ ముందున్న మోటారు మీ ముందే ఉంటుంది. దాని మీద మనకు కావలసిన గుర్తు వచ్చి కూర్చుంటుంది. ఏ బోల్టు ముందు విప్పాలో దాని మీద బాణం పడుతుంది. మీరు తల తిప్పినా, పక్కకు జరిగినా ఆ బాణం ఆ బోల్టును వదలదు.”

“ఇంగా దేనికన్నా పనికొస్తాదా మేడం, మన ఫ్యాన్లకేనా?” అని అడిగాడు డ్రైవరు ఎర్రిస్వామి.

“ఎందుకు రాదు? సూది వేసే నర్సుకు చర్మం మీదే నరం దారి చూపించే యంత్రాలున్నాయి. ఖాళీ జాగాలో నిలబడి, కట్టబోయే ఇంటి గోడ ఎక్కడొస్తుందో ఫోనులో చూసుకోవచ్చు. లేపాక్షిలో రంగు వెలిసిన బొమ్మల ముందు ఫోను పట్టుకుంటే అవి మునుపు ఎట్లుండేవో చూపించేట్టు కూడా చేయొచ్చు. మీకు మాత్రం అసలు పని వేరే ఉంది. పైన మీరు చూసేది బెంగుళూరులో నాకు కనబడుతుంది. నేను గీసిన గీత అక్కడ మీ కళ్ళ ముందు పడుతుంది. ఎనభై మీటర్ల ఎత్తున ఏదన్నా జరిగితే మీ పక్కన ఇంకొక మనిషి ఉన్నట్టే.”

పైన చేతులు ఖాళీగా ఉండవు కాబట్టి అద్దాలు మాటకే నడిచేట్టు పెట్టారు. చేయాల్సిన పని మెట్టు మెట్టుగా తెలుగులో కనిపిస్తుంది. ఒకటి పూర్తయితే ‘అయింది’ అనాలి. ఆకుపచ్చ గుర్తు పడి తరువాతిది వస్తుంది.

ఆంజినప్ప ఒకసారి పెట్టుకుని, తల తిరుగుతోందని తీసేశాడు. మళ్ళీ ముట్టుకోలేదు. నాజ్‌నీన్‌కు మాత్రం మొదటి రోజే చేతికి వచ్చాయి.

దానికి కారణం బహుశా వాళ్ళ నాయన అంగడి. దాదా ఖలందర్‌ది బెళుగుప్ప బస్టాండు వెనక మోటారు వైండింగు షాపు. బోర్లలో నీళ్ళు తగ్గిన కొద్దీ మోటార్లు ఒట్టిగా తిరిగి కాలిపోయేవి. రైతులు వాటిని బండ్ల మీద వేసుకుని వచ్చేవాళ్ళు. కాలిన రాగితీగ విప్పి, చుట్లు లెక్కపెట్టి, కొత్త తీగ చుట్టి, వార్నిషు పోసేవాడు ఆయన. బడి వదిలాక నాజ్‌నీన్ అక్కడే కూర్చునేది. పదో తరగతికి వచ్చేసరికి చిన్న మోటారును ఒక్కతే చుట్టగలిగేది. తర్వాత బోర్లు పూర్తిగా ఎండిపోయాయి. కాలడానికి మోటార్లు కూడా లేకుండా పోయాయి. ఆమె ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చదివింది. గాలిమరల కంపెనీ పిలిచిన రోజు తల్లి మదీనాబీ వద్దంది. నాయన ఒక్క మాటే అడిగాడు. “పైకి పోతే కండ్లు తిరుగుతాయా?” తిరగవంది. “అయితే పో.”

అప్పుడామెకు ఇరవై రెండు. ఇప్పుడు ఇరవై ఆరు. ఆ గుట్టల మీద నిచ్చెన ఎక్కే ఆడమనిషి ఆమె ఒక్కతే. పని నిదానంగా చేస్తుందని ఎవరూ అనకూడదని ఆమెకు ఒక పట్టుదల. ఆ పట్టుదల మంచిదనే అనుకునేది.

కరెంటు ఆపి, తాళం వేసి, ఎర్ర చీటీ తగిలించారు. నూనె పంపు ఆగిపోయింది. పంపు ఆగినా ఒత్తిడి పోదు. నూనెను తొక్కిపెట్టి ఉంచే సిలిండర్లుంటాయి. వాల్వు తెరిచి దాన్ని వదిలేస్తే గాని పైపును ముట్టకూడదు. అద్దాల్లో ఆ మెట్టు వచ్చింది. రెండు సిలిండర్ల మీద రెండు పసుపు బాణాలు పడ్డాయి. కింద అక్షరాలు: రెండు వాల్వులూ తెరవండి. గేజీ సున్నా చూపే వరకు ఆగండి.

“అన్నా, వాల్వులు?”

“తెరిచినా పాపా. కానీయ్.”

ఆంజినప్ప ఎప్పుడూ తెరిచే వాల్వునే తెరిచాడు. పాత మరలన్నిటికీ ఒక్కటే సిలిండరు. నలభై ఏడుకు కిందటి ఏడాది మరమ్మతులో రెండోది జోడించారు. అది గేరుబాక్సు నీడలో ఉంది. నాజ్‌నీన్ స్పానరు కోసం సంచీ వైపు వంగి ఉంది. ఒత్తిడి ఎంతుందో ముల్లుతో చూపే గేజీని చూడాలంటే లేచి రెండడుగులు వేయాలి. లేవలేదు.

“అయింది,” అంది.

ఆకుపచ్చ గుర్తు పడింది.

ఆంజినప్ప మోకాళ్ళ మీద కూర్చుని, చెమ్మ ఎక్కడుందో తెలుసుకోవడానికి ఎడమచేతి వేళ్ళతో పైపును తడుముతూ పోయాడు. గుడ్డ గ్లౌజు ఉంది. ఉన్నట్టుండి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

“ఏమైందన్నా?”

“ఏమీ లే. చీమ కుట్టినట్టాయ.” గ్లౌజు తీశాడు. చూపుడు వేలి మొదట్లో ఆవగింజంత నల్ల చుక్క. రక్తం కూడా లేదు. చొక్కాకు తుడుచుకుని మళ్ళీ పైపు వైపు వంగబోయాడు.

అద్దాల చెవిలోంచి జాయ్ గొంతు వినిపించింది. అంతసేపూ ఆమె మాట్లాడలేదు. పొద్దున్నించి నాలుగు స్తంభాల బొమ్మలు ఆమె ముందు నడుస్తున్నాయి.

“నాజ్‌నీన్, ఆయన్ను ఆపు. పైపు ముట్టుకోనివ్వొద్దు. వేలు చూపించు. దగ్గరికి రా. ఇంకా దగ్గరికి.”

నాజ్‌నీన్ ఆయన చెయ్యి పట్టుకుని మొహం దగ్గరికి తీసుకుంది. ఆ నల్ల చుక్క చుట్టూ ఎర్రటి వలయం వచ్చి కూర్చుంది. బెంగుళూరులో ఉన్న జాయ్ గీసింది. ఆంజినప్ప చెయ్యి కదిలినప్పుడల్లా వలయం కూడా కదిలింది.

“ఇప్పుడు గేజీ వైపు చూడు.”

చూసింది. ముల్లు నూట నలభై దగ్గర ఉంది.

‘అయింది’ అన్న సంగతి జాయ్ ఎత్తలేదు. లేచి రెండో వాల్వు తెరవమంది. ముల్లు సున్నాకు పడిపోయాక, మాట మార్చి, ఆఫీసు తెలుగు వదిలేసి గుంతకల్లు తెలుగులో మాట్లాడింది.

“విను మ్మీ. అది పై గాయం కాదు. నూనె వేల్లోకి దూరింది. పైకి ఏమీ కనబడదు. లోపల కండ చచ్చిపోతా ఉంటాది. ఆరు గంటల లోపల డాక్టరు కోసి కడగల్ల, లేకుంటే చెయ్యి పోతాది. ఆయన నిచ్చెన దిగకూడదు. తాడు మీద దించల్ల. నేను చెప్పినట్లే చెప్పు ఆయనకు. తగ్గించి చెప్పొద్దు.”

నాజ్‌నీన్ తగ్గించకుండా చెప్పింది. ఆంజినప్ప నవ్వాడు.

“సూది పొడిచినంత దానికి నన్ను మూట కట్టి దించుతారా? ఎర్రిస్వామి చూస్తే ఊరంతా చెప్తాడు. సేఫ్టీ ట్రైనింగులో నేనే నేర్పినా గదా తాడు పని మీకందరికీ.” లేచి నిచ్చెన మూత దగ్గరికి నడిచాడు. కుడిచేత్తో పట్టుకుని ఎడమచెయ్యి చాపాడు. వేళ్ళు మెట్టు మీద మూసుకోలేదు. ఇంకోసారి ప్రయత్నించాడు. చూపుడు వేలు చెక్కముక్కలా నిలబడిపోయింది. అరచెయ్యి అప్పటికే ఉబ్బుతోంది.

ఆయన మొహంలో నవ్వు పోయింది. “పట్టు రాలే పాపా,” అన్నాడు మెల్లగా.

అప్పుడు టైము పదకొండూ ముప్పావు. గాలి మొదలైంది. పెట్టె మొత్తం ఒక్కసారి కిర్రుమని ఊగింది. పడమటి చార చెయ్యెత్తు పెరిగింది.

జాయ్ ఒక్కొక్కటే చెప్పింది. కరెంటు ఆపి ఉంది కాబట్టి పైన వైఫై బ్యాటరీ మీద నడుస్తోంది. ఇరవై నిమిషాలు ఉంటుంది, అంతే. ఆ లోపు తాడు కట్టాలి. వెనక మూత తెరిస్తే కింద ఎనభై మీటర్ల ఖాళీ. పెట్టెలోంచి మనిషిని దించే పరికరం గోడకున్న ఎర్ర సంచీలో ఉంది. నెల కిందట వచ్చిన కొత్త రకం. దాన్ని ఒక్కసారే చూపించారు, అదీ నేల మీద. నాజ్‌నీన్ సంచీ ముడి విప్పకుండానే గుంజింది.

“మెల్లగా. బొమ్మ పంపిస్తాండా,” అంది జాయ్.

గాలిలో తాడు బొమ్మ కనిపించింది. ఏ కొన ఎటు పోవాలో నీలిగీత చూపించింది. కొక్కెం ఎక్కడ తగిలించాలో పైకప్పు దగ్గర పసుపు వలయం వెలిగింది. నాజ్‌నీన్ కొక్కెం ఎత్తి ఆ వలయంలోకి తీసుకెళ్ళి, తగిలించబోయి ఆగిపోయింది.

వలయం లోపల ఉన్నది కేబుళ్ళు మోసే బ్రాకెట్టు. రేకు ముక్క. రెండు చిన్న స్క్రూలతో ఉంది. మనిషి బరువు దాని మీద పడితే రెండు క్షణాలు కూడా ఆగదు.

“మేడం, ఇది కాదు.”

“బొమ్మ అదే చూపిస్తా ఉంది.”

“బొమ్మ తప్పు. ఇది కేబుళ్ళది. చూడు మేడం, నేను చెయ్యి పెట్టి ఊపితే ఊగతాండాది. మీ దగ్గరున్న బొమ్మ వేరే మరది. దీంట్లో పట్టు దూలం ఎడమ పక్కన ఉండాది.”

పైన గాలి హోరు. ఆంజినప్ప గేరుబాక్సుకు వీపు ఆనించి, ఎడమ మణికట్టును కుడిచేత్తో పట్టుకుని కూర్చుని ఉన్నాడు. పెదవులు బిగించాడు. నొప్పి అప్పుడు మొదలైంది.

“దూలం చూపించు,” అంది జాయ్. నాజ్‌నీన్ తల ఎడమకు తిప్పింది. చేతిమందపు ఇనుప దూలం, దానికి పసుపు రంగు పూసిన కడియం. ఎంత బరువు మోస్తుందో దాని మీద అచ్చుపోసిన అంకెలు పైకి చదివింది. “పెట్టు. అక్కడే పెట్టు. నేను ఆ బొమ్మ తీసేస్తాండా. ఇంగ నేను చూస్తాండా, నువ్వు చెయ్యి.”

నీలిగీతలు మాయమయ్యాయి. నాజ్‌నీన్ కొక్కెం తగిలించి, తన బరువంతా వేసి మూడుసార్లు లాగింది. దూలం కదల్లేదు. ఆంజినప్ప ఒంటికి పట్టీలు బిగించింది. ఛాతీ పట్టీ బిగిస్తుంటే ఆయన కుడిచేత్తో ఒక బకిలు సరిచేశాడు.

“ఇది తిరగేసినావు. ట్రైనింగులో గూడా ఇదే తప్పు చేసినావు నువ్వు.”

“సరే అన్నా.”

“భయపడొద్దు. నేనేం భయపడ్లే.” ఆయన నుదుటి మీద చెమట ధారగా కారుతోంది.

కింద ఎర్రిస్వామికి వాకీటాకీలో చెప్పింది. ఆంజినప్ప నడుముకు ఇంకొక సన్నతాడు కట్టి దాని కొన కిందికి వదిలింది. గాలి ఆయన్ను స్తంభానికి వేసి కొట్టకుండా కింద నుంచి దాన్ని దూరంగా లాగి పట్టాలి. తాడు గాలికి పక్కకు కొట్టుకుపోయి కంపచెట్లలో చిక్కింది. ఎర్రిస్వామి ముళ్ళలో పడి పరిగెత్తడం పైనుంచి చీమ పాకినట్టు కనిపించింది. తాడు దొరికిందని అరిచాడు.

వెనక మూత అంచున ఆంజినప్ప కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చున్నాడు. ఎన్నో ఏళ్ళు ఎక్కి దిగిన మనిషి. ఒకసారి కూడా ఇట్లా దిగలేదు.

“మా ఇంటామె లక్ష్మీదేవికి ఫోన్ చేయొద్దని చెప్పు ఎర్రిస్వామికి. ఊరికే ఏడుస్తాది,” అని, అంచు వదిలేశాడు.

పరికరం ఝుమ్మని తిరిగింది. తాడు దానంతట అదే సమంగా జారుతోంది. పది మీటర్లు. ఇరవై. గాలి ఒక్క ఊపు ఊపింది. ఆంజినప్ప గడియారం లోలకంలా స్తంభం వైపు వచ్చి, తగిలేంత దగ్గరకు వచ్చి, సన్నతాడు బిగుసుకుని దూరం జరిగాడు. నాజ్‌నీన్ అరిచిందో లేదో ఆమెకే తెలియదు. “నిలబడి చూడొద్దు, తాడు మీద చెయ్యి పెట్టి ఉంచు,” అంటోంది జాయ్. అంతలో అద్దాల్లో వెలుగు ఆరిపోయింది. బ్యాటరీ అయిపోయింది. గొంతు లేదు, గీత లేదు. చేతిలో జారుతున్న తాడు ఒక్కటే.

తాడు బరువు తగ్గి వదులైనప్పుడు ఆమె కిందికి చూసింది. ఎర్రిస్వామి రెండు చేతులూ ఊపుతున్నాడు.

ఆమె ఒక్కతే నిచ్చెన దిగింది. దిగుతున్నంతసేపూ ఒకే మాట చెవిలో తిరిగింది. అది జాయ్ మాట కాదు. తను అన్నదే. ‘అయింది.’ సగంలో ఒకచోట ఆగింది. నుదురు ఇనుముకు ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడి, మళ్ళీ దిగింది. కిందికి చేరేసరికి పెద్ద చినుకులు పడుతున్నాయి. పన్నెండు దాటి పాతిక నిమిషాలు.

దగ్గరి ఊళ్ళో ఒక ప్రైవేటు నర్సింగ్ హోముకు తీసుకెళ్ళారు. కుర్ర డాక్టరు వేలు తిప్పి చూశాడు. చుక్క తప్ప ఏమీ లేదు. టీటీ ఇంజెక్షను రాశాడు. కట్టు కట్టి, రెండు రోజుల తర్వాత రమ్మన్నాడు. ఆంజినప్ప ఊపిరి పీల్చుకున్నాడు. “చూసినావా పాపా? ఊరికే హడావిడి చేస్తిరి.”

నాజ్‌నీన్ కుర్చీ దగ్గరి నుంచి కదల్లేదు. “కట్టు కాదు సార్. ఇది నూట నలభై బార్ల ఒత్తిడి మీదున్న నూనె. లోపలికి పోయింది.”

“నువ్వు నర్సువా అమ్మా?”

“ఎలక్ట్రీషియన్ను సార్. చూసినా నేను. గేజీ ముల్లు చూసినా.” ఫోను చాపింది. అద్దాలు తీసిన బొమ్మలు జాయ్ అప్పటికే పంపింది. వేలి చుట్టూ ఎర్ర వలయం. పక్కన గేజీ. ఆమే కలిపిన కంపెనీ డాక్టరు లైనులో ఉన్నాడు. కుర్ర డాక్టరు విసుగ్గానే ఫోను తీసుకున్నాడు. వింటూ వింటూ ఆంజినప్ప అరచేతిని బొటనవేలితో నొక్కాడు. ఆంజినప్ప కుర్చీలోంచి లేచిపోయి అరిచాడు. డాక్టరు మొహం మారింది. ఫోను తిరిగిచ్చి, రాసిన చీటీ చింపేశాడు. “అనంతపురం తీసుకుపోండి. ఇప్పుడే. నేను ఫోన్ చేసి చెప్తా.”

దారంతా వాన. ఎర్రిస్వామి హెడ్‌లైట్లు వేసుకుని నడిపాడు. ఆంజినప్ప ఆమె భుజం మీద తల వాల్చాడు. చెయ్యి ముంజేతి దాకా బిగుసుకుపోయింది.

మూడున్నరకు థియేటరులోకి తీసుకెళ్ళారు. వేలి మొదటి నుంచి మణికట్టు దాకా కోసి, నరాల వెంట పాకిన నూనెను కడిగారు. ఐదున్నరకు సర్జను బయటికి వచ్చి, చెయ్యి నిలుస్తుందని, చూపుడు వేలు సగం మాత్రం నిలవదని చెప్పాడు.

ఆంజినప్ప భార్య లక్ష్మీదేవి వరండా బెంచీ మీద కూర్చుని ఉంది. చేనులో నుంచి నేరుగా వచ్చింది. కాళ్ళకు ఎర్రమట్టి అట్లాగే ఉంది. సర్జను పోయాక నాజ్‌నీన్ వైపు తిరిగింది.

“పైన ఏమైందమ్మా? ఇన్నేండ్లలో ఆయనకు ఒక గీత పడ్లే.”

పైపు పాతదయిందని చెప్పొచ్చు. ఆంజినప్ప రెండో వాల్వు తెరవలేదని చెప్పొచ్చు. అది అబద్ధం కూడా కాదు. నాజ్‌నీన్ నేల మీద కూర్చుంది.

“ఒత్తిడి పోయిందో లేదో చూడాల్సింది నేనక్కా. చూడకుండానే అయిందని చెప్పినా.”

లక్ష్మీదేవి ఆమెను తిట్టలేదు. “నీకు పని నేర్పినోడు గదమ్మా,” అంది. లేచి కిటికీ దగ్గరికి పోయి అటు తిరిగి నిలబడింది. ఆ మాట తర్వాత నాజ్‌నీన్‌కు ఏ తిట్టూ అవసరం లేకపోయింది.

వారం తర్వాత సైటు ఆఫీసులో విచారణ పెట్టారు. గోడ మీద ఆ రోజు బొమ్మ వేశారు. అద్దాలు అంతా చూశాయి. ఆమె సంచీ మీదికి వంగడం, ‘అయింది’ అనడం, ఆకుపచ్చ గుర్తు. ఆ క్షణంలో బొమ్మ మూలన గేజీ కూడా ఉంది. ముల్లు నూట నలభై మీద. ఎవరూ చూడని ముల్లు. మేనేజరు అడగకముందే నాజ్‌నీన్ లేచి నిలబడింది.

“అన్న తెరిచినా అన్నాడు. కానీ గేజీ చూడమని రాసింది నాకు. ఆలస్యమైతే ఆడపిల్ల కాబట్టి అంటారని తొందరపడినా.”

ఆస్పత్రి నుంచి ఆంజినప్ప ఫోనులో మాట్లాడాడు. “ఆయమ్మ అయిందనె, నేను తెరిచినా అంటి. ఇద్దరమూ చూడకనే చెప్తిమి. రాసేటప్పుడు ఇద్దరి పేర్లూ రాయండప్పా.”

జాయ్ తన వంతు తప్పు తనే చెప్పింది. నలభై ఏడో మరకు వేరే మర బొమ్మ ఎక్కించింది ఆమె బృందమే. ఆ బ్రాకెట్టుకే కొక్కెం తగిలించి ఉంటే ఏమయ్యేదో ఆమె పైకి అనలేదు. ‘అయింది’ అనగానే మెట్టు దాటే పద్ధతిని కూడా ఆ రోజే ఆపేసింది. కెమెరా తానే గేజీ చదివి, ముల్లు సున్నా మీద ఉంటేనే ముందుకు పోయేట్టు మార్చడానికి ఆరు వారాలు పట్టింది. గుట్టల మీదున్న మరలన్నిటికీ మనుషులను పంపి, ఒక్కొక్కదాని లోపలి బొమ్మను కొత్తగా తీయించింది.

నాజ్‌నీన్‌ను నాలుగు నెలలు నిచ్చెన ఎక్కకూడదన్నారు. స్టోరు గదిలో వేశారు. మదీనాబీ సంతోషపడింది. అదే మంచిదని, అక్కడే ఉండిపొమ్మని రోజూ చెప్పింది. దాదా ఖలందర్ మాత్రం ఒక ఆదివారం అన్నం తింటూ, “ఆంజినప్పను చూసొచ్చినావా?” అని అడిగాడు. లేదంది. “పో.”

పోయింది. లక్ష్మీదేవి తలుపు తీసి, లోపలికి పిలవలేదు, పొమ్మనలేదు. పక్కకు జరిగింది. ఆంజినప్ప మంచం మీద కూర్చుని రబ్బరు బంతి పిసుకుతున్నాడు. సగం వేలు కట్టులో ఉంది.

“ఏం పాపా, ఇప్పుడొస్తివా? కాఫీ తాగుతావా?” అన్నాడు. తర్వాత, “ఆఫీసులో కూర్చోమంటాండారు నన్ను. తెర ముందర. నీ జాయ్ మేడం మాదిరి. నేను పోనని చెప్పినా,” అన్నాడు. అప్పటికి నిజంగానే పోలేదు. నెలన్నర ఇంట్లో ఉండి, ఆ మంచం భరించలేక ఆఫీసులో చేరాడు.

అక్టోబరు మొదటివారంలో నాజ్‌నీన్ మళ్ళీ ఎక్కింది. ఈసారి పన్నెండో నంబరు. తోడు తిప్పేష్ అనే కొత్త టెక్నీషియన్. మొదటి ఇరవై మెట్లు ఆమె లెక్కపెట్టుకుంటూ ఎక్కింది. పైకి చేరి అద్దాలు పెట్టుకుంది. చెవిలో కుర్చీ కిర్రుమన్న చప్పుడు, ఆ వెనకే ఆంజినప్ప దగ్గు.

“ఈ ఏసీకి మెడ పట్టేస్తాండాది పాపా. సరే, ఆ బోల్టు చూడు.”

ఎర్ర వలయం ఒకటి వచ్చింది. వంకరగా ఉంది. సగం జనరేటరు మీద, సగం ఖాళీలో. మౌసు ఇంకా ఆయన చేతికి అలవాటు కాలేదు.

“ఏ బోల్టన్నా?”

“ఆ కింది వరసలో మూడోది. నీకు తెల్దా ఏంది?”

“తెలుసు. నువ్వు చెప్పు.”

ఆయన చెప్పాడు. ఆమె తిప్పేష్‌ను పక్కకు జరగమని, స్పానరు తీసుకుంది.